గోడౌన్ అద్దె పంచిన అంకుల్

మా ఆఫీసు అంకుల్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున ఫోన్‌లో వచ్చింది. వేర్‌హౌస్‌లో నిచ్చెన మీద నిలబడి పై అరలో డబ్బాలు లెక్కపెడుతున్నా. ఆదివారం గుండె నొప్పి అంటే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారట, సోమవారం సాయంత్రం పోయారట. మెసేజ్ రెండుసార్లు చదివా. ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. మూడు వారాలుగా నేను ఆయనతో మాట్లాడటం లేదు. మా గొడవ తేలకుండా ఈయన ఎట్లా పోతారు అనిపించింది. ఇట్లా అనిపించిందని రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ ఇది దాచి మిగతాదంతా రాస్తే అబద్ధం రాసినట్టే.

మాది న్యూజెర్సీలో బొమ్మలూ ఆటలూ అమ్మే కంపెనీ. మనవాళ్ళు ఎక్కువుండే ఐసెలిన్ ఊరి నుంచి ఇరవై నిమిషాల డ్రైవ్. మూడు విభాగాలు ఉంటాయి. పిల్లల బొమ్మలు ఒకటి, అట్టపెట్టెల్లో వచ్చే బోర్డు గేములు ఒకటి, ఫోన్‌లో ఆడే గేములు ఒకటి. నేను బోర్డు గేముల వైపు స్టాక్ లెక్కపెట్టేదాన్ని. అంకుల్ పైన మూడో అంతస్తులో అకౌంట్స్. మూడు నెలలకోసారి ఏ విభాగం ఎంత లాభపడింది, ఎంత నష్టపోయింది అని షీట్ తయారుచేసేది ఆయనే. వాళ్ళది గుంటూరు వైపు. నేను పదహారేళ్ళప్పుడు అమ్మానాన్నలతో వరంగల్ నుంచి వచ్చా. కాలేజీకి పోలేదు. ఎక్సెల్ కూడా బ్రేకుల్లో వీడియోలు చూసి నేర్చుకున్నదే.

మొదటిసారి పైకి పోయింది పోట్లాడటానికే. నేను లెక్కపెట్టిన దానికంటే పైవాళ్ళ లిస్టులో స్టాక్ తక్కువ చూపిస్తోంది. అందరూ ఈమెయిల్ పెట్టమన్నారు. ఆయనొక్కరే తింటున్న పెరుగన్నం డబ్బాకి మూతపెట్టి, ఆఫీసు బూట్లతోనే కిందికి వచ్చి నాతోపాటు లెక్కపెట్టారు. తప్పు నాదే. ఒక వరస రెండుసార్లు లెక్కేశా. ఆయన ఎవరికీ చెప్పలేదు. "లెక్క తప్పితే తిట్లు తినేది కిందోళ్ళే తల్లీ, అందుకని పైనోళ్ళే దిగొచ్చి చూసుకోవాలి" అన్నారు, అంతే.

ఆ తర్వాత ప్రతి గురువారం లంచ్‌లో నాకు షీట్లు చదవడం నేర్పించారు. జూలైలో కూడా స్వెట్టర్ వేసుకునే మనిషి. ఏ అంకైనా ముందు పెన్సిల్‌తో కాగితం మీద రాసుకుని, అప్పుడు కంప్యూటర్‌లో కొట్టేవారు. కొత్త గేమ్ ఏదొచ్చినా రూల్స్ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివితే తప్ప పావు కదపనిచ్చేవారు కాదు. అంత చదివీ ప్రతిసారీ ఓడిపోయేవారు. ఎదుటివాళ్ళ పావుని వెనక్కి పంపే అవకాశం వచ్చినా, పాపం ఇంకో రెండు గళ్ళే కదా అని వదిలేసేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇట్లా ఆడితే ఎట్లా గెలుస్తరు అంకుల్ అని తిడితే, గెలిస్తే నువ్వు వచ్చే గురువారం నుంచి రావుగా అని నవ్వేవారు.

ఖర్చుల పంపకం ఆయన నాకు చెప్పింది అపార్ట్‌మెంట్ లెక్కతో. ఈ దేశం వచ్చిన కొత్తలో జెర్సీ సిటీలో నలుగురు కుర్రాళ్ళు కలిసి డబుల్ బెడ్‌రూమ్‌లో ఉండేవాళ్ళట. బెడ్‌రూమ్‌లో పడుకునేవాళ్ళు ఎక్కువ కట్టాలి, హాల్లో పరుపేసుకునేవాడు తక్కువ. ఎవడెంత సంపాదిస్తున్నాడో లెక్కలోకి రాదు, ఎంత చోటు తీసుకున్నాడన్నదే లెక్క. హాల్లో పడుకున్నోడికే ముందు ఉద్యోగం వచ్చిందట, కారు కొన్నాడట, ఖాళీ చేసేదాకా హాలు అద్దే కట్టాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయనకి నవ్వాగేది కాదు. ఇక్కడ చదువుకోడానికి వచ్చి రూమ్ పంచుకున్న మీలో చాలామందికి ఈ లెక్క తెలిసే ఉంటుంది.

ఈ ఏడాది మా బోర్డు గేముల విభాగం మూసేస్తారని కింద గుసగుసలు మొదలయ్యాయి. నష్టాల్లో ఉందట. నాకు అర్థం కాలేదు. డబ్బాలు మామూలుగానే లారీ ఎక్కుతున్నాయి, లెక్కపెట్టేది నేనేగా. అంకుల్‌ని అడిగితే షీట్ ఇచ్చి, నువ్వే వెతుకు అన్నారు. రెండు వారాల లంచ్‌లు దాని మీదే కూర్చున్నా. దొరికింది. మిగతా ఖర్చులన్నీ తీసేసినా మేం లాభంలోనే ఉన్నాం. ఒక్క గోడౌన్ అద్దె లైను దగ్గర బోల్తా పడుతున్నాం. అద్దె పంచేది ఎవరి సరుకు ఎంత చోటు పట్టిందన్న లెక్కన. మా డబ్బాలు ఇంతింత పెద్దవి, లోపల సగం గాలే. బొమ్మల డబ్బాలు అరచేయంత. ఫోన్ గేములకి డబ్బాలే లేవు.

ఈ రూల్ ఎవడు పెట్టాడు అంకుల్ అని అడిగా. ఆయన పెన్సిల్ కింద పెట్టి, "నేనేనమ్మా" అన్నారు.

అప్పట్లో కంపెనీని పోషించింది బోర్డు గేములేనట. బొమ్మల విభాగం కొత్తది, నిలబడటమే కష్టంగా ఉంది. రెండేళ్ళు దానికి వెసులుబాటు ఇద్దామని తన పాత రూమ్ పద్ధతి తెచ్చి ఇక్కడ పెట్టారు. తర్వాత మార్చాలనుకున్నారు. మేనేజర్లు మారారు, రూల్ మారలేదు. మెల్లగా అది ఎవరూ ముట్టుకోని శాసనమై కూర్చుంది.

నాకు మంటెత్తింది. "అంటే బొమ్మలోళ్ళు కారు కొన్నరు, మేం ఇంకా బెడ్‌రూమ్ అద్దె కడుతున్నం. అంతేనా అంకుల్?"

"కారు కొన్నది బొమ్మలోళ్ళు కాదమ్మా, ఫోన్ గేములోళ్ళు."

"మరి వాళ్ళ మీద వెయ్యండి."

"వాళ్ళు ఆ ఇంట్లో పడుకోరుగా. ఒక్క డబ్బా లేని గోడౌన్‌కి అద్దెందుకంటారు."

వాళ్ళ ఫోన్‌లో ఉన్నది మా డబ్బాలోని ఆటే కదా, మా ఆట పేరు మీదే కదా జనం డౌన్‌లోడ్ చేసుకుంటున్నది అని అరిచా. అది కూడా మీటింగ్‌లో చెప్పి చూశానని, అందరూ నవ్వారని చెప్పారు. అప్పుడు ఇంకో షీట్ తీశారు. అందులో అద్దెని మాకూ బొమ్మలోళ్ళకీ మధ్యే అమ్మకాల లెక్కన పంచారు. మేం లాభంలోకి వచ్చాం. బొమ్మల విభాగం నష్టంలోకి పోయింది. "అటువైపూ మనుషులే ఉన్నారు తల్లీ. నువ్వు చెప్పు, ఎవర్ని ఎర్రంకెల్లో కూర్చోబెట్టను?"

అది తేల్చుడు మీ పని, దానికేగా మీకు జీతం ఇస్తున్నరు అనేసి మెట్లు దిగిపోయా. అదే ఆయనతో నా ఆఖరి మాట.

ఫ్యూనరల్ హోమ్‌లో ఆంటీ నన్ను పక్కకి పిలిచారు. మూడు వారాలుగా డైనింగ్ టేబుల్ మీద అవే కాగితాలు పెట్టుకుని కూర్చునేవారట, సరిగ్గా తినలేదట. "ఆఫీసులో ఏమన్నా తప్పు చేశారా అమ్మా ఆయన?" అని అడిగారు. లేదాంటీ అన్నా. ఆ జవాబు నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. మంచి మనసుతో గీసిన గీత అది. ఆ గీత మీదే ఇప్పుడు మా విభాగం తెగిపోబోతోంది. దీన్ని తప్పంటారా? అనకపోతే ఏమంటారు?

తర్వాతి వారం మేనేజర్ నన్ను పైకి పిలిచింది. ఆయన ఫైల్ అర్థమయ్యేది నీ ఒక్కదానికే, ఈసారి షీట్ నువ్వే పంపాలి అంది. ఫైల్ తెరిచా. మూడు షీట్లు ఉన్నాయి. చోటు లెక్కన ఒకటి, అమ్మకాల లెక్కన ఒకటి, ఫోన్ గేముల మీద కూడా వాటా వేసి ఒకటి. ఏది సరైనదో ఎక్కడో రాసిపెట్టి ఉంటారని ప్రతి గడీ నొక్కి చూశా. ఎక్కడా లేదు. ఆయన కూడా తేల్చుకోలేకపోయారని అప్పుడు తెలిసింది. ఎర్రంకెల్లో ఎవర్ని కూర్చోబెట్టాలన్న ప్రశ్న నా మీద విసిరారనుకున్నా ఇన్నాళ్ళూ. నిజంగానే నన్ను అడిగారు.

మూడూ ఒకే పేజీలో పెట్టి పంపా. మూడింట్లోనూ మొత్తం అద్దె ఒకటే అని పైన ఒక లైను రాశా. మేనేజర్ పేజీ చూసి, బాగుంది గానీ మాకు ఒకటే కావాలి అంది. ఏది అనడిగితే, ఎప్పుడూ పంపేదే అంది. పంపనన్నా. ఆమె కోప్పడలేదు. పాత షీట్‌లో కొత్త అంకెలు తనే కొట్టుకుంది, పావుగంట పని.

బోర్డు గేములు మూసేశారు. నాతో పనిచేసినవాళ్ళంతా పోయారు. షీట్లు చదవడం వచ్చని నన్ను మాత్రం అకౌంట్స్‌లో ఉంచారు. ఆయన నేర్పిన చదువుకి నాకు కుర్చీ దొరికింది, ఆయన పెట్టిన రూల్‌కి మా వాళ్ళ పని పోయింది. ఆయనకి దండం పెట్టాలో ఆయన మీద అరవాలో తెలియక, రెండూ చేస్తున్నా రోజూ.

మొన్న గోడౌన్ అద్దె బిల్లు వచ్చింది. ఎప్పుడూ వచ్చినంతే. మా వాటా ఎవరి పేరున రాయాలో ఏ కాగితంలోనూ లేదు. బొమ్మల విభాగం చూసే అతను అప్పుడే ఫోన్ చేసి, మా మీద పడదు కదా అని అడిగాడు. చూసి చెప్తానని కిందికి దిగా. మా అరలన్నీ ఊడదీసి తీసుకుపోయారు. ఏళ్ళ తరబడి కింది వరస డబ్బాలు నేల మీద కూర్చున్న చోట మాత్రం దుమ్ము పడక సిమెంటు నలుచదరాలుగా తెల్లగా మెరుస్తోంది, వరసగా, ఆ గోడ దాకా. ఒక నలుచదరంలో నిలబడ్డా. ఏ అంకె రాయాలో తెలియక చాలాసేపు అక్కడే ఉన్నా.