గాజుల గౌసియాబీ, నా జాజు పూత

గౌసియాబీ మా కోరుట్లలో గాజులమ్మే మనిషి. గంప నెత్తిన పెట్టుకుని పొద్దున్నే మా వాడలోకి వస్తే మధ్యాహ్నం దాకా కదలదు. గాజు ఎక్కాలంటే చెయ్యి మెత్తబడాలి. చెయ్యి మెత్తబడాలంటే మనసు గాజు మీద ఉండకూడదు. అందుకని ఆమె ముందు ముచ్చట పెడుతుంది. ఆమె చేతిలో చెయ్యి పెట్టిన ఆడదానికి నోరు ఊరుకోదు. ఏ ఇంట్లో ఏ బాధ ఉందో అంతా ఆమెకు తెలుసు. కానీ ఒకరి ముచ్చట ఇంకొకరి గడపలో దించదు. ఆ గుణం నాకు లేదు, అందుకే రాస్తున్నాను. ఆమెనూ మా కోడలినీ అడిగే రాస్తున్నాను.

నా పేరు ఐలమ్మ. నేను రెండో తరగతి దాటలేదు. బీడీలు చుట్టి కొడుకును పెంచాను, ఇల్లు కట్టాను. ఒకరి ముందు తల వంచింది లేదు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. మా కోడలు కృపారాణికి నెలలు నిండాయి. కొడుకు ఏసుబాబు మస్కట్ పని విడిచి కిందటేడు ఎండాకాలంలోనే ఇంటికి వచ్చాడు. బస్సులు లేవు కాబట్టి కాన్పు ఇంట్లోనే చేయిద్దామని మంత్రసాని పోశవ్వకు చెప్పి పెట్టాను. అంతకుముందు కోడలికి గాజులు తొడిగించాలని గౌసియాబీని పిలిచాను. వాడలోని ఆడవాళ్లంతా వచ్చారు.

కృపారాణి పీట మీద ఒక పక్కకే ఒరిగి కూర్చుంది. నాలుగు గాజులు ఎక్కించేసరికి గౌసియాబీ చెయ్యి ఆగింది. నన్ను లోపలి గదిలోకి రమ్మని సైగ చేసింది. కోడలినీ తీసుకుపోయాను. పిలవకపోయినా పోశవ్వ వెనకే వచ్చింది.

"ఐలవ్వా, పిల్ల సక్కగ కూసుంటలేదు. ఏమైంది?" అని అడిగింది గౌసియాబీ.

"సర్పి లేసింది. జాజు పూసిన. తగ్గుతది" అన్నాను.

సర్పి అంటే ఒంటి మీద పాము పాకినట్టు గుంపుగా లేచే పొక్కులు. ఎర్రమట్టి జాజు తడిపి చుట్టూ గీత గీసి పూస్తే ఆ పాము ముందుకు పాకదని మా నమ్మకం. మా వాడలో ఎవరికి లేచినా పూసే చెయ్యి నాదే.

"ఇదే మొదటిసారా?"

"శ్రావణంల గూడ లేసింది. పూసిన, పది రోజులల్ల మాడింది."

"నువ్వు పూయకున్నా పది రోజులల్ల మాడుతుండె" అంది.

నాకు మండింది. "గాజులమ్మేదానివి గాజులమ్ముకో. నలభై ఏండ్ల సంది పూస్తున్న. ఇయ్యాల నువ్వు నేర్పుతవా?"

ఆమె నాతో వాదించలేదు. కోడలి వైపు తిరిగింది. "బిడ్డా, పొక్కులు పిరుదు మీదనేనా, కిందగూడ ఉన్నయా?"

కృపారాణి గోడ వైపు చూస్తూ ఉన్నాయన్నట్టు తల ఊపింది.

"ఒంటేలుకు పోతే?"

"నిప్పు పోసినట్టయితది. అత్తకు చెప్పుడు సిగ్గయింది."

"ఇది సర్పి కాదు, ఐలవ్వా. సర్పికి చుట్టమే గని వేరే రోగం. ఆలుమగల నడుమ అంటుకునేది. కాన్పప్పుడు పుండ్లుంటే పసిబిడ్డకు గూడ అంటొచ్చు, పానం మీదికొస్తది. ఇంట్ల కాన్పు వద్దు. జగిత్యాల పెద్ద దవాఖానకు తోల్కపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి."

"మా ఇంట్ల గసొంటి రోగాలు లేవు. నీకేం ఎరుక?" అని గదమాయించాను.

గౌసియాబీ పోశవ్వను చూసింది. పోశవ్వ చెవిన పడ్డది సాయంత్రానికి ఊరంతా తిరుగుతుందని ఆమెకూ తెలుసు. ఇళ్లల్లో చేతులు పట్టుకుని బతికే మనిషి. ఆ చేతులు వెనక్కి పోతే ఆమెకు ఇంకో బతుకు లేదు. అయినా చెప్పింది.

"నాకున్నది గనుక ఎరుక. పద్దెనిమిదేండ్ల సంది."

గౌసియాబీ పుట్టిల్లు సిరిసిల్ల. తండ్రి మరమగ్గాలకు నూలు రంగులద్దేవాడు. పెళ్లయి కోరుట్ల వచ్చింది. మొగుడు అబ్దుల్ ఖాదర్ దుబాయి పోయి వచ్చిన ఏడాది ఆమెకు ఆ పొక్కులు లేచాయి. రాయికల్ అంగట్లో ఒకడు పసరు పోస్తే చర్మం కాలి నెల రోజులు మంచం దిగలేదు. చివరికి జగిత్యాల దవాఖానలో ఒక నర్సు తలుపు వేసి, కూర్చోబెట్టి చెప్పింది. ఈ పురుగు ఒంట్లో చేరితే పోదని, పండుకుని ఉండి అప్పుడప్పుడు లేస్తుందని, గోలీలు వేసుకుంటే తొందరగా అణుగుతుందని, ఏళ్లు గడిచే కొద్దీ లేవడం తగ్గుతుందని.

మొగుడితో మాట్లాడకుండా పుట్టింట్లో నెల రోజులుంది. ఆయన సిరిసిల్ల వచ్చి గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. ఏడిస్తే కరిగే మనిషి కాదామె. ఇద్దరూ రక్తపరీక్షలు చేయించుకున్నాకే కోరుట్ల తిరిగి వచ్చింది. లోపల చిమచిమలాడిందంటే పొక్కులు లేచే ముందు గుర్తు. ఆ రోజు నుంచి పుండ్లు పూర్తిగా మానే దాకా చాపలు వేరు. మామూలు రోజుల్లో నిరోధ్ లేకుండా దగ్గరికి రానియ్యదు, ఎందుకంటే పొక్కు కనపడకున్నా అంటుకోవచ్చు. నిరోధ్ ఉన్నా పూర్తి భరోసా లేదని కూడా ఆమెకు తెలుసు. అట్లాగే సంసారం నడుపుకుంది, ఇద్దరు పిల్లలను పెంచి పెళ్లిళ్లు చేసింది.

ఇదంతా ఆమె పది మాటల్లో చెప్పింది. కృపారాణి ఆమె కొంగు పట్టుకుంది. "అత్తా, నేను దవాఖానకే పోత" అంది. పెళ్లయినప్పటి నుంచి నా మాటకు ఎదురు చెప్పని పిల్ల. నేను చెప్పులు వెతుక్కున్నాను.

మా వాడ హన్మంతు ఆటో మాట్లాడుకుని నలుగురం బయలుదేరాం: నేను, కోడలు, కొడుకు, గౌసియాబీ. దారిలో రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిరాళ్లు, వాటి మీద అన్నం గుండిగలు. "తెలంగాణ అచ్చినంక పోదురు, బువ్వ తిని కూసోన్రి" అన్నాడొక పెద్దమనిషి. "తెలంగాణ అచ్చేదాక నా కోడలు ఆగుతది గని, కడుపుల పిల్ల ఆగదు" అన్నాను. ఆడవాళ్లు నవ్వి, గుడ్డలు పట్టుకుని ఉడికే గుండిగను దించి, కాలే రాళ్లు పక్కకు జరిపారు.

సమ్మె ఉన్నా కాన్పుల వార్డు నడుస్తోంది. కృపారాణి తానే డాక్టరమ్మకు అంతా చెప్పింది. డాక్టరమ్మ చూసి, పుండ్లు పచ్చిగా ఉన్నాయి, నొప్పులు మొదలైతే ఆపరేషనే మంచిదని గోలీలు మొదలుపెట్టింది. జాజు మరక చూసి "ఇదెవరు పూసిండ్రు?" అని అడిగింది. "నేనే" అన్నాను. "ఇగ పూయకున్రి. ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడిగ ఉంచుతె చాలు" అంది. నన్ను అంత మెల్లగా తిట్టిన వాళ్లు అంతకుముందు లేరు.

నా కోపం కొడుకు మీదికి మళ్లింది. వాడు తల ఎత్తలేదు. "అవ్వా, మస్కట్ల రెండుసార్లు పొక్కులైనయి. ఎండకు వేడి చేసిందనుకున్న" అన్నాడు. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఇప్పుడు తేల్చలేమంది డాక్టరమ్మ. కొందరికి ఏళ్లపాటు గుర్తులే కనపడవట. వాడికీ రక్తపరీక్షలు రాసింది, హెచ్‌ఐవీకి కూడా. అవన్నీ మంచిగానే వచ్చాయి.

మూడో నాడు నొప్పులు వచ్చాయి. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. పిల్లకు ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కొన్నాళ్లు కనిపెట్టి చూసి, పాలివ్వొచ్చని చెప్పి పంపారు.

ఇంటికి వచ్చేసరికి పోశవ్వ తన పని తాను చేసేసింది. గౌసియాబీ గంప ఎత్తుకుని మా వాడ రెండుసార్లు తిరిగిందట. ఒక్క తలుపు తెరుచుకోలేదట. ఆమె నాతో ఆ మాట అనలేదు. గంప నిండుగా ఉండటం నేనే చూశాను.

ఇరవై ఒకటో నాడు వాడంతా భోజనానికి పిలిచాను. పిల్లకు నల్లగాజులు తొడగమని గౌసియాబీ ఒడిలో పెట్టాను. కూర్చున్న వాళ్లంతా ఆమె చేతుల వైపే చూశారు.

"దేనికట్ల చూస్తున్నరు?" అన్నాను. "డాక్టరమ్మను అడిగే అచ్చిన. గాజులు తొడిగితే రాదు, పక్కన కూసుంటే రాదు, ఒక్క కంచంల తింటె రాదు. మీ నోటిదురదకైతె మందే లేదన్నది."

అప్పుడు కృపారాణి లేచి నిలబడింది. నేను చెప్పమన్నది కాదు.

"నాకు గూడ ఉన్నది" అంది. "గీమె తన ముచ్చట చెప్పకుంటె నా బిడ్డ ఏమయితుండెనో. ఆమె చెయ్యి వద్దన్నోళ్లు నా ఇంట్ల బువ్వ గూడ తినకున్రి."

అందరికంటే ముందు కదిలింది పోశవ్వే. తిట్లు తినడానికి ముందే చెయ్యి చాపడం తెలిసిన మనిషి.

"ఎర్రయి ఉన్నయా బీ, పచ్చయేనా?" అంది.

"ఉన్నయి గని, నీ చెయ్యి బండ తీరుగున్నది. జెర మెత్తగ పెట్టు. మనుమరాలు బడికి పోతున్నదా?" అంటూ గౌసియాబీ ఆ చెయ్యి పట్టుకుంది.

పోశవ్వ మనుమరాలి సంగతి మొదలుపెట్టింది. వెనకాల సాయమ్మ చెంగు సర్దుకుని జరిగి కూర్చుంది. అన్నం చల్లారింది. నేను మళ్లీ వేడి చేయించాల్సి వచ్చింది.