డైరీ కోసం కొన్న మైకు

చేయి వణకడం మొదలయ్యాక డైరీలో నా అక్షరాలు నాకే అర్థం కాకుండా పోయాయి. ఇక ఫోనులోనే రాసుకుందామని, దానికి చిన్న కీబోర్డు కొనడానికి నారాయణగూడలోని ఒక దుకాణానికి వెళ్లాను. రెండు రకాలు నొక్కి చూశాను. రెండింటి మీదా నా వేళ్లు పక్క బటన్ల మీదే పడ్డాయి.

"అంకుల్, దీనితోని పరేషాన్ అయితరు," అంది దుకాణం నడిపే ఆమె. "ఈ మైకు కాలరుకు పెట్టుకొని మాట్లాడుండ్రి. ఫోనే రాసుకుంటది."

చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చి, రోజూ రాసే వేళకే, సాయంత్రం కుర్చీలో కూర్చుని, కొన్న మైకు కాలరుకు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. ఎప్పటిలాగే ముందు ఎండావానా, తర్వాత వచ్చిపోయినవాళ్లు, ఆ తర్వాత ఇంటి సంగతులు.

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వింది. "ఇన్నేండ్లు రాసింది గిదేనా? ఎండ కొట్టింది, పాలాయన ఆలస్యంగ వచ్చిండు! నేనింకేందో అనుకున్న."

నేనూ నవ్వాను. తర్వాత చెప్పాల్సింది ఆమె స్కాన్ రిపోర్టు గురించి. పొద్దున నేనొక్కణ్నే వెళ్లి తెచ్చాను. అంతా బాగుందని ఆమెతో అన్నాను. డైరీలో మాత్రం ఎన్నడూ అబద్ధం రాయలేదు.

"డాక్టరు గారు చెప్పిందేమంటే..." అని ఆగిపోయాను.

వంటింట్లో గిన్నెల చప్పుడూ ఆగింది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నా ఎదుట కూర్చుంది.

"నాకు చెప్పకుంటె చెప్పకపోయిన్రు. డైరీకైన నిజం చెప్పుండ్రి. నేను వింట."

మైకు తీసి బల్ల మీద పెట్టాను. గడ్డ మళ్లీ వచ్చిందని, ఇంకోసారి ఆపరేషన్ చేయాలన్నారని ఆమెకే చెప్పాను.

"ఎప్పుడు పోవాల్నట?" అని మాత్రం అడిగింది.