దవడలో ప్లేటు, మరుదమలై మొక్కు

పోయిన వారం పంటినొప్పికి సింగానల్లూరులో ఎక్స్‌రే తీస్తే, నా కింది దవడలో నాలుగు మరలతో పడుకుని ఉన్న ఉక్కు ప్లేటును చూసి ఆ చిన్న డాక్టరమ్మ ఇదెప్పటిదని అడిగింది. నూలు మిల్లుల కాలంనాటి వీరగాథ, తీరిగ్గా చెబుతానన్నాను. వీరగాథ ఏమీ కాదు. మేస్త్రీ నడకను అనుకరిస్తూ నలుగురినీ నవ్విస్తున్నవాణ్ణి, వెనక్కి తిరిగేసరికి బాబిన్ల బండి ఇనుప పిడి దవడకు తగిలింది. నవ్వినవాళ్లే మోసుకెళ్లారు.

ఆ రోజుల్లో దవడ విరిగితే పైపళ్లనూ కిందిపళ్లనూ తీగతో కలిపి కట్టి ఆరు వారాలు నోరు మూసేసేవారు. పెద్దాసుపత్రికి కొత్తగా వచ్చిన సర్జన్ మాత్రం నోటి లోపలినుంచే చిగురు కోసి, విరిగిన ఎముక మీద ప్లేటు పెట్టి మరలు బిగించి, నా నోరు నాకే వదిలేశాడు. ఇంట్లోవాళ్లకు తీగే నచ్చేదని నా అనుమానం.

చిక్కు అమ్మ మొక్కుతో వచ్చింది. నేను ఆపరేషన్ గదిలో ఉండగానే, దవడ అతికితే తైపూసం పండక్కి బుగ్గకు శూలంతో కొండెక్కడమని ఆమె మరుదమలై కొండ మీది మురుగనుకు మొక్కేసింది. బాగుపడినవాడే గుచ్చించుకోవడం మావాళ్ల ఆనవాయితీ. పండక్కి మూడు వారాలే ఉంది. గుచ్చితే చీము పట్టి ప్లేటు పీకెయ్యాల్సి వస్తుందని సర్జన్, మొక్కు తప్పితే సామి ఇచ్చిన దవడను వెనక్కి తీసుకుంటాడని అమ్మ. సర్జన్ రాసిచ్చిన చీటీ సామికి చూపించి సెలవు అడుగుదాం, మిల్లులో చేసేది అదే కదా అన్నాను. ఆమె నవ్వలేదు. రాత్రుళ్లు నిద్రా పోలేదు.

తైపూసం నాడు కొండ కింద, తడి పసుపు పంచెతో, గుచ్చినా గుచ్చకున్నా పోయే దవడే కదా అని అలసిపోయి నిలబడ్డాను. పూజారి శూలం పట్టుకుని నా ముందుకొచ్చాడు. అమ్మ మోచేత్తో నన్ను పక్కకు జరిపి తన మొహం ముందుకు చాచింది.

"బుగ్గకు శూలమని మొక్కితిని సామీ. వీని బుగ్గని చెప్పితినా? నువ్వు తళ్లి నిలురా, పక్కకి."

ప్రతిదానికీ ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ రోజు, అంత శ్రమపడి బాగుచేయించుకున్న నోరు పెట్టుకుని, శూలం గుచ్చుకున్న అమ్మ వెనకే మెట్లెక్కాను.

ఇప్పుడు మిల్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మేస్త్రీ లేడు, అమ్మా లేదు. ఈ కాలపు ప్లేట్లు ఇంకా సన్నగా ఉంటాయట, మనిషికి తెలియను కూడా తెలియవట. పెట్టే ముందు సంతకాలు మాత్రం చాలా పెట్టించుకుంటారు. ఎవరి బదులు ఎవరు నొప్పి పడతారని ఆ కాగితాల్లో ఎక్కడా అడగరు.

కొండ దిగాక వారం రోజులు అమ్మకూ నాకూ గంజే. మా అక్క ఒకే కుండలో కాచింది. ఉప్పు కొంచెం తక్కువ.