బైబిలమ్మ నోట్‌బుక్ తెరవద్దు

మా బైబిలమ్మ ప్రభువునందు నిద్రించిన తెల్లారే ఆమె ఇంట్ల దొంగతనం జరిగింది. మేమందరం సమాధుల తోటలో పాట పాడుతుంటే, సంఘ కార్యదర్శి మెట్టుగూడలో ఆమె గదికి పోయి దిండు కింద ఉన్న ప్రార్థన నోట్‌బుక్ తీస్కపోయిండు. పక్కింటామె కళ్ళతో చూసింది. ఇప్పుడది చర్చి ఆఫీసు బీరువాల ఉంది, తాళం ఆయన జేబుల ఉంది. దీనికి మర్యాద పేరు నేను పెట్టను.

సంఘ పత్రికకు రాసిస్తే జాగ లేదన్నరు. అందుకే జిరాక్స్ తీయించి మీ ఇండ్లకు తెచ్చిస్తున్న. నేను రైలు పెట్టెలు కడిగే కాంట్రాక్ట్ పనోణ్ణి. పది తప్పిన. చదువుడు గట్టిగ నేర్చుకున్నది బైబిల్‌తోనే. రాతల తప్పులుంటే ఉండనియ్యిన్రి.

ఆమె కోస్తా నుంచి వచ్చిన టీచరమ్మ. రిటైరైనంక ప్రతి గురువారం ముందుగదిలో చాపేసి మా తొమ్మిది మందికి వాక్యం చెప్పింది. మొదటిరోజు నేను ఒక కీర్తన మొత్తం గడగడ అప్పజెప్పిన. మెచ్చుకుంటదనుకున్న.

"బాగుంది నాయనా. ఇందులో ఏది చేశావు?"

"చేసుడేందమ్మా? మొత్తం నోటికొచ్చె గదా!"

"నోటికి రావడం కాదయ్యా, కాళ్ళకి రావాలి."

అదే ఆమె పద్ధతి. వారానికి ఒక్కటే మాట. దాన్ని చేసి వచ్చి చెప్పాలె. చేయకుంటే కొత్తది ఇయ్యదు. మా ఆటో అన్న శత్రువును ప్రేమించే మాట కాడ పదకొండు వారాలు ఆగిపోయిండు. ఆ శత్రువు సొంత బామ్మర్ది. "ఇంకోటియ్యమ్మా, వాడితోని అయ్యేటట్టు లేదు" అని మొత్తుకుంటే, "వాక్యం మారదు, మీ బావమరిదీ మారడు. ఇక మిగిలింది నువ్వే బాబూ" అన్నది. చాప మీద అందరం నవ్వినం. ఆటో అన్న సుత నవ్విండు.

ఎవరన్న తప్పు ఒప్పుకునేటప్పుడు ఆమె కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకునేది. "నాకు మీరు మసగ్గా కనబడితే మీకు సులువు" అనేది.

నాది చెప్త. ఏసీ పెట్టెలోంచి రెండు దుప్పట్లు ఎత్తుకపోయిన. నిందేమో నాతోటి పనోని మీద పడ్డది. వాని పని పోయింది. నేను నోరు మెదపలే. ఆమెకు చెప్పుకున్ననాడు ఆమె తిట్టలేదు. చెప్పులేసుకొని "ఇల్లెక్కడ?" అన్నది. మోకాళ్ళ నొప్పితోని రెండు బస్సులు మారి కాప్రా దాక నాతోని వచ్చింది. వాడు నన్ను చూసి ధడాలున తలుపేసిండు. నేను వెనక్కి తిరిగిన.

"తలుపేశాడంటే ఇంట్లోనే ఉన్నాడుగా. మళ్ళీ వారం వద్దాం."

మూడో వారం తెరిచిండు. చెంప మీద ఒకటిచ్చిండు, తర్వాత చాయ్ ఇచ్చిండు. నేను సూపర్‌వైజర్ కాడికి పోయి నిజం చెప్పిన. నన్ను నెల పక్కన పెట్టి వాణ్ణి మళ్ళ తీస్కున్నరు. ఆ నెల తక్లీఫ్ అయింది గాని, నిద్ర పట్టింది.

ఇసొంటివన్నీ ఆ నోట్‌బుక్‌ల ఉన్నయ్. మతిమరుపు షురూ అయినంక ఎవరి కోసం ఏం అడగాలో పేర్లతో సహా రాసుకునేది. "పొడి అక్షరాలు పెట్టమ్మా, ఎవరన్న చూస్తరు" అన్న. "దేవుడికి పొడి అక్షరాలతో చెప్పుకుంటామా?" అని నవ్వింది. అక్కడ తప్పు ఆమెదే. ఆమె మీద సుత నాకు కోపముంది. మనుషులను అంతగనం నమ్మొద్దు.

మా తొమ్మిది మందిల మారేడ్‌పల్లి అక్క ఒకామె ఉంది. వచ్చే కమిటీ ఎన్నికలల్ల నిలబడతనన్నది. మట్టి అయినంక వచ్చిన మొదటి ఆదివారమే కార్యదర్శి ఆమెను గేటు కాడ ఆపిండు. నేను పక్కనే చెప్పులేసుకుంటున్న.

"నిలబడతవా చెల్లెమ్మా? మంచిదే. నీ సంగతి మీ బైబిలమ్మ ముత్యాలసొంటి అక్షరాలతోని రాసింది. జెర ఆలోచించుకో."

నవ్వుకుంటనే అన్నడు. ఆమె పేరు వెనక్కి తీస్కున్నది. అమ్మ పోయినా మేము కూడుకుంటున్న గురువారానికి రాలే. ఫోనెత్తుతలేదు. ఇంటికి పోయి తలుపు కొడితే లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడొస్తుంది, మనిషి మాత్రం పలుకుతలేదు.

నేను పోయి ఆయన్ని నిలదీసిన.

"అది సంఘం ఆస్తి తమ్ముడూ" అన్నడు. "నీ పేజీ సుత చూసినం. దుప్పట్లు వెచ్చగున్నయా?"

అందుకే పైన మీకందరికీ నేనే చెప్పుకున్న. ఇగ నా పేజీతోని ఆయనకు పనిలేదు. మిగిలిన ఎనిమిది మందివి చెప్పే హక్కు నాకు లేదు, ఆయనకు అసలే లేదు.

పోయిన ఆదివారం ప్రార్థన మనవులు అడిగితే గమనించిన్రా? వరుసలకు వరుసలు ఒక్కటే మాట: "ఆరోగ్యం కొరకు." అందరికీ ఒక్కసారే ఒంట్ల బాగలేదా? భయం పట్టుకుంది. తప్పు చెప్పుకోనీకి జాగ లేని సంఘంల ఇంకెవరు మారుతరు?

పెద్దలారా, ఇగ ఒక్క పేజీ సుత తిప్పకుండ ఆ నోట్‌బుక్ తెచ్చి మా ముందర బల్ల మీద పెట్టున్రి. ఎవరి పేజీ వాళ్ళు చింపుకుంటరు. మారేడ్‌పల్లి అక్క ఇంటికి కార్యదర్శి పోయి, గేటు కాడ అన్న మాటకు క్షమాపణ అడగాలె. తలుపు తెరవకుంటే మళ్ళ వారం పోవాలె.

కాదంటే, వచ్చే ఆదివారం కానుకల వేళ మేము లేచి నిలబడతం. తలా ఒక కాగితం పట్టుకుంటం. ఇష్టమున్నోళ్ళు తమది తామే చదువుతరు. ఇష్టంలేనోళ్ళు ఏమీ రాయని తెల్ల కాగితం పైకెత్తి, మీ కళ్ళల్లకు చూసుకుంట నిలబడతరు.

శనివారం సాయంత్రం ఆరింటి లోపు రాసి జవాబియ్యిన్రి.