ఏటి ఇసుకలో ఉడుకు రక్తం

వైశాఖం, ఆదివారం. జమ్మలమడుగు. ఉన్నవాళ్ళు: మామ, అత్త, నా భార్య, నేను. తర్వాత కలిసినవాళ్ళు: ఒక ముసలాయన, ఆయన గాడిద.

ఆనాటి డైరీలో ఇంతే ఉంది. మిగతాది రాయడానికి అప్పుడు చెయ్యి రాలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. మా వైపు సంసారాలు సగం 'ఉడుకు' అన్న ఒక్క మాటతోనే నడిచేవి. కాగినవి ఉడుకు నీళ్ళు. కళ్ళు మండితే ఒంటికి ఉడుకు చేసిందని మాడుకు ఆముదం పెట్టేవాళ్ళు. ఆటలో ఓడి మూతి ముడుచుకున్నవాడు ఉడుక్కున్నట్టు. పెద్దల మాట విననివాడిది ఉడుకు రక్తం. (ఈ చివరిది నాకు కావలసినదానికంటే ఎక్కువే ఉండేది.) పులివెందుల ఆఫీసులో గుమాస్తాగా చేరి, భార్యను కాపురానికి తీసుకుపోదామని మా ఊరు ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగులో అత్తగారింటికి వచ్చాను. అత్త ఒప్పుకోలేదు. అల్లుడి ఎదుటికి రాదు గనక తలుపు చాటునుంచే చెప్పింది.

"ఆడ ఉడుకు శానా అంట. బిడ్డ తట్టుకోలేదు. వానలు పడినాక చూద్దాం."

"నేను తట్టుకోవడంలా? నేనుండగా ఆమెకేం భయం?" అన్నాను, తలుపుకేసి చూస్తూ.

ఆ ఆదివారం పెన్న అవతల చుట్టాలింట్లో భోజనం. పొద్దు వాలినాక బయల్దేరుదామన్నాడు మామ. నేను వినలేదు. వేసవిలో ఏరు దాటేవాళ్ళు చేతిలో కానుగ కొమ్మ పట్టుకునేవాళ్ళు. ఇసుకలో కొంతదూరం పరుగెత్తడం, కాళ్ళు కాలగానే కొమ్మ కిందేసి దానిమీద నిలబడడం, చల్లబడ్డాక మళ్ళీ పరుగు. మామ నాకూ ఒకటి విరిచిచ్చాడు.

"పట్టుకో అప్పా. ఇందులో సిగ్గేముంది?"

కొత్త తోలు చెప్పులు వేసుకున్న గుమాస్తా మేకలకాపరిలాగా కొమ్మ పట్టుకుని గెంతడమా? గట్టునే పడేశాను.

నడి ఏట్లో ఒక చెప్పు వారు తెగింది. మిగిలిన చెప్పు మీద ఒంటికాలితో కొంగలాగా నిలబడ్డాను. ముందు పోతున్న నా భార్య వెనక్కి చూసి, తన కొమ్మ నా వైపు విసిరి, తాను వాళ్ళ నాయన కొమ్మ మీదికి చేరింది. చెప్పు వదిలేసి ఆ కొమ్మ దగ్గరికి పరుగెత్తేలోపే అరికాళ్ళు బొబ్బలెక్కాయి. దానిమీద రెండు కాళ్ళూ పెట్టుకుని ముందుకూ పోలేక, వెనక్కూ పోలేక ఉండిపోయాను. అంతలో ఉతికిన బట్టల మూటలతో ముసలాయన గాడిదను తోలుకొచ్చాడు. మూటలు ఒక పక్కకు జరిపాడు.

"ఎక్కు అల్లుడా. దీనికి నీ ఉద్యోగం సంగతి తెలీదులే."

ఎక్కాను. (మా సీమలో గాడిద నెక్కించేది ఎవరినో మీకు తెలుసు.) గట్టున నీడపట్టున కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఎవరప్పా ఆ పెండ్లికొడుకు?"

"జమ్మలమడుగు అల్లుడే. పులివెందులలో ఉద్యోగమంట."

ముందే గట్టెక్కి చెట్టు చాటున నిలబడ్డ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో చూసే ధైర్యం నాకు లేకపోయింది. సాయంత్రం మామ నా అరికాళ్ళకు కలబంద గుజ్జు రాస్తుంటే గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇక భార్యను పంపమని ఏ ముఖంతో అడగను?

మరునాడు పొద్దున్నే ఒంటరిగా బస్సుకు పోదామని కుంటుకుంటూ వాకిట్లోకి వస్తే, నా భార్య ట్రంకుపెట్టెతో నిలబడి ఉంది. తలుపు చాటునుంచి అత్త మామతో అంటోంది.

"ఈయప్పను ఒక్కణ్ణే ఆ ఉడుకులోకి పంపితే నాకు నిద్ర పట్టదు. బిడ్డను తోడుగా తోలుకపొమ్మను."

బస్సెక్కాక చూస్తే ఆమె చేతిలో పచ్చటి కానుగ కొమ్మ ఉంది.

"మనింటికీ ఆఫీసుకూ మధ్య ఏరేమీ లేదు. ఇదెందుకు?" అన్నాను.

"మీరుండారు గదా" అంది.

ముద్దనూరు దాకా ఆమె ముఖం వైపు చూడలేదు. కొమ్మను మాత్రం, ఎవరూ తొక్కకుండా, నా కాళ్ళ దగ్గరికి జరుపుకున్నాను.