రైల్లో నగల పుస్తకం

ఒక మ్యూజియంలోని ప్రాచీన నగల మీద వచ్చిన పెద్ద బొమ్మల పుస్తకాన్ని బెంగళూరులో కొన్నాను. కోలారు గోల్డ్ ఫీల్డ్స్ వెళ్ళే ప్యాసింజర్ రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూస్తుంటే, పక్క సీటులోని పెద్దావిడ వంగి చూసింది.

"ఇవి యే అంగట్లో ఉండాయమ్మా?"

"అమ్మేవి కావమ్మా. రెండువేల ఏళ్ళ నాటివి."

"పాత బంగారమా? అయితే తరుగు శానా తీస్తారు," అని పెదవి విరిచింది.

ఎదురుగా కూర్చున్న ఆమె భర్త బంగారు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. మీరు ఎంత బంగారం చూసి ఉంటారో అని ఆయనతో అన్నాను.

"యాడ చూసేదమ్మా? ముప్పై ఏండ్లు నల్లరాయి పగలగొట్టి పైకి పంపినాము, అంతే. బంగారాన్ని కంటితో చూసిందే లేదు," అన్నాడాయన. నేను నమ్మలేకపోయాను.

"నా పెండ్లి కమ్మలు చూడలేదా?" అంది ఆవిడ.

"మీ నాయన పెట్టినవా? అవి గిల్టు గదా!"

"బంగారమే చూడలేదంటివే, గిల్టని నీకెట్ల తెలిసింది?"

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన గబగబా నా పుస్తకంలో తల దూర్చాడు. కోరమండల్ స్టేషన్‌లో ఆమె చేతులూపుకుంటూ ముందు దిగింది. రెండు సంచులూ మోసుకుంటూ ఆయన వెనక దిగాడు.