ఐర్లాండు పేపర్ల ఎర్ర ఆకాశం

డిగ్రీ అయినంక ఖమ్మంల నాకు దొరికిన మొదటి పని గురించి చెప్తే ఇప్పటికీ ఎవ్వరూ నమ్మరు. వందేండ్ల కిందటి ఐర్లాండు పేపర్లు చదువుడు. చదువుడంటే కాలు మీద కాలేసుకొని చాయ్ తాగుకుంట చదువుడు గాదు. ఆ పాత పేపర్లను ఎవరో ఫొటోలు తీసి కంప్యూటర్ల పంపేటోళ్ళు. కంప్యూటర్ వాటిని చదివి అక్షరాలు కొట్టేది, దాని చదువేమో సగం తప్పుల తడక. ఫొటో పక్కన పెట్టుకొని ఆ తప్పులు దిద్దుడే మా కొలువు. "అర్థం చేసుకోవద్దు, అక్షరం చూడుండ్రి, జల్దీ దిద్దుండ్రి" అని మా సూపర్‌వైజర్ పొద్దంతా మొత్తుకునేటోడు. అర్థం జేసుకోకుంట ఎట్ల ఉంటరు? కండ్లు ఇచ్చిన దేవుడు బుర్ర గూడ ఇచ్చిండు గదా!

పశువుల సంతలు, కోర్టు కేసులు, చావు కబుర్లు, అన్నీ దిద్దిన. నాకు ఇష్టమైంది మాత్రం ఆకాశం. నెలకోసారి పేజీ కింద మూలకు చిన్న ముక్క వచ్చేది. పొద్దుగూకినంక ఏ చుక్క ఏ దిక్కున కనవడతదో అండ్ల రాసేటోళ్ళు. ఎప్పుడన్న తోకచుక్క కబురు. అన్నిటికంటె వింత, అరోరా. ఆ చలి దేశంల కొన్ని రాత్రులు ఉత్తరం దిక్కు ఆకాశం దానంతటదే ఎర్రగ మండుతదంట. ఒక ఊరోళ్ళు దాన్ని జూసి పక్కూరు తగలవడుతున్నదనుకొని, గుర్రాల బండి మీద నీళ్ళ పంపు వేసుకొని ఉరికిండ్రంట. తీరా పోతే ఆ పక్కూరోళ్ళు గూడ ఇండ్ల బయట నిలవడి, నోరు తెరుసుకొని పైకి చూస్తున్నరంట. అది దిద్దుకుంట నేను ఒక్కదాన్నే పకపకా నవ్విన. పక్క సీటామె నాకేమన్న గాలి సోకిందా అన్నట్టు చూసింది.

సెలవుకు మా ఊరు పినపాక పోయినప్పుడు అమ్మకు చెప్తె, ఆమెకు ఆ కత మస్తు నచ్చింది. ఆకాశంల ఏం మెరిసినా ప్రభువు రాకడ దగ్గర వడ్డదని గుండె పట్టుకునే మనిషి మా అమ్మ. "ఊరికే బెదిరిండ్రన్నట్టు, పాపం!" అని నవ్వి, ఆదివారం చర్చిల ఆడోళ్ళందరికి తనే చూసొచ్చినట్టు చెప్పింది.

ఆ ఏడు మే నెలల మల్ల సెలవుకు ఇంటికొచ్చిన. నాయన ఎండకాలం కల్లేదారుగ పోయేటోడు. గూడేలోళ్ళు అడివిల బీడీలు చుట్టే తునికాకు కోసి కట్టలు గట్టి తెస్తరు, వాటిని కల్లంల ఎండబోసి బస్తాల నింపేదాక కాసే మనిషి కల్లేదారు. కల్లమంటే అడివి నడుమ చదునుచేసిన జాగ, అంతే. ఆకు ఎండిందంటే గలగలమంటది. ఒక్క బీడీ ముక్క చాలు. అందుకే నాయన ఆ రెండు నెలలు బీడీ ముట్టకపోయేది, ముట్టినోన్ని దగ్గరికి రానియ్యకపోయేది.

ఆ శనివారం పొద్దుగూకింది. కరెంటు లేదు. అమ్మ వాకిట్ల బోళ్ళు తోముతుంది, నేను బోరింగు కాడికెళ్ళి బిందె తెచ్చి దించిన. తలెత్తి చూస్తె పడమట, అడివి దిక్కు, ఆకాశం ఎర్రగుంది. పొద్దు పోయి ఎంతో సేపయింది. అది మునిమాపు ఎరుపు గాదు. కదులుతుంది, ఒకపారి పెద్దగైతుంది, ఒకపారి తగ్గుతుంది. నాయన కల్లం ఆ దిక్కే.

"అమ్మా, అటు జూడు" అన్న.

అమ్మ చేతుల బూడిద కడుక్కోకుండనే లేచి చూసింది. చానా సేపు చూసింది. మల్ల కూసొని తపేలా అందుకున్నది.

"అరోరా గావచ్చు బిడ్డా" అన్నది.

ఏం చెప్పాలె నేను? అది మన దిక్కు రాదమ్మా, అది మంచు దేశాల సంగతి, అది ఉత్తరాన వస్తది, ఇది పడమర అని చెప్పాల్నా? చెప్తె ఆమె గుండె ఆగుతదేమోనని భయం. "అవ్, గావచ్చు" అన్న.

ఎదురింటి పెద్దమ్మ వచ్చి, మొగోళ్ళు ట్రాక్టర్ మీద అటు పోయిండ్రని చెప్పింది. అమ్మ ఆమె దిక్కు చూడను గూడ చూడలే.

"ఆ పేపర్ల కత చెప్పు" అన్నది నాతోని.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. చెప్పు."

చెప్పిన. నీళ్ళ పంపు, గుర్రాలు, ఉరికిన జనం. అమ్మ తోమిన తపేలానే మల్లమల్ల తోముతుంది. గాలి మళ్ళింది. కమురు వాసన వచ్చింది. కడిగి బోర్లించిన పళ్ళాల మీద నల్లటి పొరలు తేలుకుంట వచ్చి వాలినయ్. ఆకు మసి. ఇద్దరం చూసినం, ఇద్దరం చూడనట్టే ఉన్నం.

"ఆ పక్కూళ్ళె ఎవ్వరికీ ఏం గాలే గదా?"

"ఏం గాలేదమ్మా."

"అందరు ఇండ్లకు మళ్ళిండ్రు గదా?"

"మళ్ళిండ్రు."

"మల్లొకసారి చెప్పు."

మల్ల మొదటికెళ్ళి చెప్పిన. జీవితంల అంత భయపడింది అంతకు ముందు లేదు, ఆ తర్వాత లేదు. కత సగంల ఉండంగ గూడెం మనిషి ఒకాయన సైకిల్ వాకిట్ల పడేసి ఉరికొచ్చిండు.

"కల్లం మొత్తం అంటుకుందమ్మా. మేమందరం బయటవడ్డం. కల్లేదారు ఇంకా ఆకులల్లనే ఉన్నడు. బస్తాలు బయటికి గుంజుతుండు. రమ్మంటె వస్తలేడు. పొగల మనిషి కానస్తలేడు."

అమ్మ చేతులకెళ్ళి తపేలా జారింది. "ప్రభువా!" అని నేల మీద కూలవడ్డది. నేను పట్టుకున్న.

"అరోరా అంట, అరోరా!" అని నెత్తి కొట్టుకున్నది. "అగ్గేదో నాకు తెల్వదా? పొయ్యి కాడ పుట్టి పొయ్యి కాడ పెరిగిన. నువ్వు బెదురుతవని అన్ననే, బిడ్డా."

ఇద్దరం ఒకరినొకరు పట్టుకొని వాకిట్లనే కూసున్నం.

ట్రాక్టర్ చప్పుడు వినవడ్డది. నాయన తన కాళ్ళ మీదనే దిగిండు. కనుబొమ్మలు లేవు. అంగీ సగం లేదు. కండ్లు ఎర్రగ, మొఖం నల్లగ. మమ్మల్ని జూసి నవ్విండు. "సగం బస్తాలు బయట వడేసిన. ఆకు సగం దక్కింది" అన్నడు, ఏదో పందెం గెలిచి వచ్చినట్టు.

అమ్మ లేచి పోయి ఆయన భుజం మీద ఒక్కటి చరిచింది. ఊరోళ్ళ ముందు అమ్మ ఆయన మీద చెయ్యి లేపుడు నేనెప్పుడు చూడలే.

"ఆకు మల్ల యేడు చిగురిస్తది" అన్నది. "నువ్వు చిగురిస్తవా?"

నాయన ఏదో చెప్పబోయిండు. మాటకు బదులు దగ్గొచ్చింది. నడుం వంచి, ట్రాక్టర్ టైరు పట్టుకొని దగ్గిండు. ఆ రాత్రి తగ్గుతదనుకున్నం. భద్రాచలం దవాఖానాకు తీస్కపోయినం, ఖమ్మం తీస్కపోయినం, పొగ లోపలికి చానా పోయిందన్నరు. ఆ దగ్గు మల్ల తగ్గనే లేదు.

మరుసటి ఎండకాలం తునికాకు బాగ చిగురించింది. నాయన అప్పటికే లేడు.